ముందు తుపాకీ, వెనక టీ ఫ్లాస్కు

మా ఆఫీసులో నా పక్క సీటావిడ వచ్చే జూలైలో కుటుంబంతో ఆఫ్రికా వెళ్తోంది. ఆ ట్రిప్పులో మూడు రోజులు వాకింగ్ సఫారీ ఉందట. "నువ్వు వెళ్ళొచ్చావుగా, ఎలా ఉంటుంది? జంతువులు బాగా దగ్గర్నుంచి కనిపిస్తాయా?" అని క్యాంటీన్లో అడిగింది. "తక్కువే కనిపిస్తాయి, అవీ దూరంగా" అన్నాను. పాపం, ఆవిడ మొహం వాడిపోయింది. అంత డబ్బు కట్టాక ఆ మాట వినాలని ఎవరికుంటుంది? ఇంతలో లంచ్ టైమ్ అయిపోయింది. అసలు చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను, ఆవిడ కోసమూ, ఆవిడలాగే బయల్దేరబోతున్న మిగతావాళ్ళ కోసమూ.

నేను వెళ్ళింది జాంబియాలోని సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కుకి. మా తమ్ముడు లుసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి కుదిరింది, లేకపోతే నా జీతానికి అది అందేది కాదు. లుసాకా నుంచి చిపాటా మీదుగా దాదాపు 700 కిలోమీటర్లు కారులో పోయాం. ఆ పార్కు 9,050 చదరపు కిలోమీటర్లు. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి మూడున్నర రెట్లు అనుకోండి. జీపుల్లో తిరిగే సఫారీ ఆఫ్రికా అంతా ఉంది. కాలినడకన అడవి చూపించడానికి మాత్రం ఈ లోయకే పెద్ద పేరు. 1950, 60లలో నార్మన్ కార్ అనే ఆయన సందర్శకుల్ని ఇక్కడ నడిపించడం మొదలుపెట్టాడు. ఆయన సంగతి మళ్ళీ చెప్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఆయన దగ్గరే ఉంది.

ఆగస్టు నెల. పొద్దున ఆరింటికి బయల్దేరాం. చలి గట్టిగానే ఉంది, స్వెట్టర్ వేసుకున్నాను. వరసలో అందరికంటే ముందు తుపాకీ పట్టుకున్న వన్యప్రాణి శాఖ స్కౌట్. అతని వెనక గైడు. గైడు వెనక మేం ఐదుగురం, ఒకరి వెనక ఒకరం. చిట్టచివర భుజానికి సంచీ తగిలించుకున్న ఒక కుర్రాడు. ఆ సంచీలో టీ ఫ్లాస్కు, కప్పులు, బిస్కెట్లు. అడుగు తీసే ముందు గైడు చెప్పిన వాటిలో ఒక్క మాట మాత్రం మూడుసార్లు చెప్పాడు: ఏం జరిగినా సరే, పరిగెత్తొద్దు. పరిగెత్తేదాన్ని చూస్తే తరమాలనిపించే జంతువులు అక్కడున్నాయి, వాటితో పందెం మనం గెలవలేం. నేను ఆగమంటే ఆగండి, కూర్చోమంటే కూర్చోండి, ఎందుకని తర్వాత అడగండి అన్నాడు. తుపాకీ సంగతి మా తమ్ముడు అడిగాడు. దాన్ని పేల్చాల్సి వచ్చిందంటే అంతకు ముందే తను ఎక్కడో తప్పు చేసినట్టు అని గైడు జవాబు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

మొదటి రోజు దాదాపు నాలుగు గంటలు నడిచాం. సింహం లేదు, చిరుత లేదు. దూరంగా నాలుగు జిరాఫీలు చెట్ల మీంచి తలలు పెట్టి మమ్మల్నే చూశాయి. ఆ లోయలో తప్ప ఇంకెక్కడా లేని రకం అవి. ఇంపాలా జింకలైతే మేం ఇంకా చాలా దూరంలో ఉండగానే ముక్కుతో గట్టిగా బుస్సుమని పారిపోయాయి. నిన్న సాయంత్రం ఇవే ఇంపాలాలు జీపు పక్కన నిలబడి గడ్డి మేశాయి కదా అనుకున్నాను. గైడే చెప్పాడు. వాటి కంటికి జీపు ఒక పెద్ద ఆకారం, రోజూ వచ్చిపోతుంది, ఏమీ చేయదు. రెండు కాళ్ళ మీద నడిచే మనిషి అంటే మాత్రం వాటికి ఎన్నో తరాల నుంచి తెలుసు. అందుకే జీపుని రానిచ్చినంత దగ్గరికి మనిషిని రానివ్వవు.

ఫోన్లో ఫోటోలు బాగా రావు అని నేను ఖాయంగా చెప్తున్నాను. మీకు కావలసింది సింహం కళ్ళల్లోకి చూసిన ఫోటో అయితే జీపెక్కండి, అందులో తప్పేమీ లేదు. నడకకి వెళ్ళి ఆ ఫోటో కోసం గైడుని సతాయించడమే తప్పు.

మరి నాలుగు గంటలు ఏం చూశాం? నేల చూశాం. మాది ఆదిలాబాద్ వైపు, పత్తి పండే నల్లరేగడి ఊరు. లువాంగ్వా ఒడ్డున కూడా అచ్చం అదే మట్టి. వానాకాలంలో ఏనుగులు, హిప్పోలు ఆ బురదలో దిగబడుతూ నడుస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆ అడుగులు అలాగే గట్టిపడిపోయి, మోకాలి కిందిదాకా గుంటలు గుంటలుగా మిగిలిపోతాయి. పైన ఎండు గడ్డి కప్పేస్తుంది, గుంట కనపడదు. చూసుకోకుండా కాలు వేస్తే మడమ మెలిపడినట్టే. నాకు ఆ నేల మీద భయం వేయలేదు, మా చేను గుర్తొచ్చింది. ఎండాకాలం బీటలు వారిన చేలో ఎలా నడవాలో కాళ్ళు ఇంకా మర్చిపోలేదు.

ఒకచోట గైడు ఏనుగు లద్దె తీసి చేత్తో విరిచాడు. మా గుంపులో ఇద్దరు మొహం తిప్పుకున్నారు. పేడతో పిడకలు చేసిన దాన్ని కాబట్టి నేను దగ్గరికెళ్ళి చూశాను. లోపల సగం సగం నమిలిన పీచు, అరగని గింజలు. ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా ఒంటికి పట్టదట. ఆ మిగిలిన సగమే అడవికి విత్తనాల సంచీ. లోపలి తడిని బట్టి అది ఎంతసేపటి క్రితం వెళ్ళిందో చెప్పాడు. ఇంకోచోట సుద్దముక్కల్లాంటి తెల్లటి ఉండలు. హైనా విసర్జించినవి, ఎముకలు తినడం వల్ల ఆ రంగు. ఇసుకలో గరాటు ఆకారం గుంటలు తవ్వుకుని చీమల కోసం కాచుకునే పురుగు కనిపించింది. చిన్నప్పుడు మా గుడి వెనకాల దాన్ని పుల్లతో కెలికేవాళ్ళం. దాదాపు నాలుగు వేల మైళ్ళు దాటి వెళ్ళి మళ్ళీ అదే పురుగు ముందు గొంతుక్కూర్చున్నాను.

రెండో రోజు ఒక పెద్ద బావోబాబ్ చెట్టు దగ్గర ఆగాం. మొదట్లో ఒక మనిషెత్తు దాకా బెరడంతా చీరేసి ఉంది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు ఏనుగులు ఆ బెరడు ఒలిచి నములుతాయి, దాంట్లో తడి ఉంటుంది. మన గోల్కొండలో నయా ఖిలా లోపల ఉన్న పెద్ద చెట్టు చూశారా, హాతియాన్ కా ఝాడ్ అంటారు? అదీ ఇదే జాతి, ఎన్నో వందల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చింది. దాని కాండం బూడిద రంగులో, ముడతలతో, నిజంగానే ఏనుగు ఒంటిలా ఉంటుంది. ఏనుగుల చెట్టు అని పేరు పెట్టుకున్నాం గానీ, దాన్ని తాకిన ఏనుగు గాయం ఒక్కటీ మన చెట్టు మీద లేదు. లువాంగ్వా చెట్టు గాయాల మీద చేయి వేసినప్పుడు, గోల్కొండ చెట్టు ఇన్నేళ్ళూ తనవాళ్ళకి దూరంగా ఒంటరిగా నిలబడిందనిపించి మనసు బరువెక్కింది.

ఇప్పుడు ఏనుగుల సంగతి. అదే రోజు ఎండిపోయిన ఒక వాగు దాటుతుంటే స్కౌట్ పిడికిలి పైకెత్తాడు. అందరం ఆగిపోయాం. గైడు జేబులోంచి పాత సాక్సు ఒకటి తీశాడు, దాన్నిండా బూడిద. దాన్ని నెమ్మదిగా విదిలిస్తే సన్నటి బూడిద పొగలా లేచి మా ఎడమవైపుకి కొట్టుకుపోయింది. ఏనుగు చూపు అంతంతమాత్రమే, వాసన పట్టడంలో మాత్రం దాన్ని మించింది లేదు. గాలి ఎటు పోతోందో తెలియకుండా అక్కడ ఒక్క అడుగు కూడా వేయడు గైడు. వాగు మలుపులో ఆరేడు ఆడ ఏనుగులు, వాటి కాళ్ళ మధ్య ఒక పిల్ల. ఇసుక తవ్వుకుని నీళ్ళు తాగుతున్నాయి. పిల్లకి తొండం ఎలా వాడాలో ఇంకా పూర్తిగా రాదు, నోరు నీళ్ళల్లో ముంచేస్తోంది. పెద్దది ఒకటి తొండం పైకెత్తి ఒకసారి గాలి పీల్చి దించేసింది. ఇంకో రెండు నిమిషాలు ఉంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంటోంది. గైడు వెనక్కి వెళ్దామని చేత్తో సైగ చేశాడు. గాలి మారేలా ఉందట. వచ్చిన దారినే వెనక్కి నడిచి, చుట్టూ తిరిగి, ముప్పావుగంట ఎక్కువ నడిచి వాగు దాటాం.

టీ తాగేటప్పుడు మా గుంపులో ఒకతను గొణిగాడు, ఇంకాసేపు ఉండనివ్వాల్సింది అని. నేను అప్పుడే ఒక సంగతి గట్టిగా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ ఏనుగులు నీళ్ళు తాగడం ఆపలేదు, పిల్లని లోపలికి లాక్కోలేదు, మేం వచ్చి వెళ్ళామని వాటికి తెలియనే లేదు. మంచి నడక అంటే అదే. జంతువు మన మీదికి వచ్చింది, తృటిలో తప్పించుకున్నాం అని ఎవరైనా గొప్పగా చెప్తే, ఆ రోజు ఆ గుంపు ఆ జంతువుని బెదరగొట్టిందని అర్థం. దానికి డబ్బు కట్టి, తిరిగొచ్చి దాన్నే వీడియో పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

నేనూ ఒక తప్పు చేశాను. మూడో రోజు నది గట్టు గోడలో ఎర్రటి పిట్టలు గూళ్ళు తవ్వుతుంటే ఫోటో కోసం వరసలోంచి నాలుగు అడుగులు పక్కకి వేశాను. అక్కడొక పెద్ద చెదపుట్ట, దాని మొదట్లో ఒక బొరియ. గైడు ఏమీ అనకుండా నా భుజం పట్టుకుని వెనక్కి లాగి, పుట్ట వెనకవైపుగా నన్ను తిప్పి తీసుకొచ్చాడు. తర్వాత దూరం నుంచి చూపించాడు. బొరియ నోటి దగ్గర ఈగలు ముసురుతున్నాయి. లోపల ఏదో ఉందన్నమాట. అడవిపంది లాంటిది ఉలిక్కిపడి బాణంలా దూసుకొస్తే దాని కోరలు నేరుగా తొడల మీదికే. కొంచెం అవతల ఇంకో బొరియ, దాని నోటికి అడ్డంగా సాలెగూడు, చెక్కుచెదరకుండా ఉంది. అది ఖాళీ. చిన్నప్పటి నుంచి నాగుల చవితికి పుట్టలో పాలు పోశాను, ఏ కన్నంలో ఏముందో ఈగని అడిగి తెలుసుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు.

ఇక ప్రయాణం ఏర్పాట్ల గురించి. నడక కష్టమేమీ కాదు, నేల చదునే, వేగం తక్కువ. రోజూ కేబీఆర్ పార్కులో నడిచేవాళ్ళు హాయిగా నడవగలరు. బూట్లు మాత్రం కొత్తవి వద్దు. కనీసం నెల ముందే కొని ట్యాంక్‌బండ్ మీద అరగదీయండి. బట్టలు ఖాకీ, ఆకుపచ్చ, మట్టిరంగు. తెలుపు దూరానికే కనిపిస్తుంది. నీలం, నలుపు వేసుకుంటే త్సెత్సే అనే కుట్టే ఈగలు వెతుక్కుంటూ వస్తాయి, వాటిని పట్టే వలలు కుట్టేది కూడా ఆ రంగు గుడ్డలతోనే. సెంటు, తలనూనె ఘాటు, జంతికల కవరు చప్పుడు, ఇవన్నీ క్యాంపులోనే వదిలేయండి. ఆడవాళ్ళకి ఒక మాట: బాత్రూమ్ భయంతో నీళ్ళు తాగడం మానేయకండి. గైడుకి చెప్తే ముందు తను వెళ్ళి చూసొచ్చి ఒక పొద చూపిస్తాడు, అందరూ అటు తిరిగి నిలబడతారు. ఇది అక్కడ మామూలే. పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని చాలా క్యాంపులు నడకకి రానివ్వవు, దాని గురించి వాళ్ళతో గొడవపడకండి. మలేరియా మాత్రల గురించి వెళ్ళే ముందే డాక్టర్ని అడగండి. మలేరియా క్రిమిని 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మొదటిసారి చూసింది మన బేగంపేట దగ్గరే, ఆ ఊరివాళ్ళమై ఉండి మనం అశ్రద్ధ చేయకూడదు. కెన్యా లాంటి దేశాలు కూడా తిరిగేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా ఉండాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు.

టూర్ల సంస్థని ఏమడగాలో కూడా చెప్పాలి. మన నగరంలోనే ఒక సంస్థకి నేను మొదట ఫోన్ చేశాను. "సింహానికి పదడుగుల దూరంలో నిలబెడతాం మేడమ్, గ్యారంటీ" అన్నారు. ఆ గ్యారంటీ వినగానే ఫోన్ పెట్టేసి ఉండాల్సింది, పావుగంట విన్నాను. జాంబియాలో నడక గైడు కావాలంటే పరీక్షలు పాసై ప్రత్యేకంగా లైసెన్సు తెచ్చుకోవాలి. అది ఉందా, తుపాకీ ఎవరి చేతిలో ఉంటుంది, గుంపులో ఎంతమంది, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎలా బయటికి తీసుకొస్తారు, ఇవి అడగండి. వీటికి జవాబు తడుముకునేవాళ్ళతో వెళ్ళొద్దు.

నార్మన్ కార్ సంగతి తర్వాత చెప్తానన్నాను కదా. నడిపించడం కంటే ముందు ఆయన చేసిన పని ఒకటుంది. 1950లో అక్కడి న్సెఫు అనే తెగ పెద్దతో మాట్లాడి, ఆ తెగ భూమిలో కొంత అడవిని జంతువులకి వదిలేలా ఒప్పించాడు. అక్కడ సందర్శకుల కోసం క్యాంపు కట్టి, వచ్చిన డబ్బు ఆ ఊళ్ళకే వెళ్ళేలా చేశాడు. బతికున్న ఏనుగు వల్ల ఊరికి ఆదాయం అనేది అప్పటికి కొత్త మాట. మా గైడు ఆ లోయ పిల్లవాడే. అతను నేల మీద చదివినవన్నీ పుస్తకంలో నేర్చినవి కావు, తాతల దగ్గర నుంచి వచ్చినవి. ఆ చదువుకి అక్కడ జీతం ఉంది, గౌరవం ఉంది, పెద్ద పెద్ద దేశాల నుంచి వచ్చినవాళ్ళు అతను చెప్పినట్టు విని నోరు మూసుకుని నడుస్తారు.

తిరిగొచ్చినప్పటి నుంచి నా మనసంతా నల్లమల మీదే ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద మూడు గంటలు పోతే మన్ననూరు వస్తుంది. అక్కడి నుంచి 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ అడవి. ఆ అడవిలోని పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, చెంచులు ఉన్నారు. పుట్టతేనె ఎక్కడుందో, ఏ నెలలో ఏ గడ్డ తవ్వాలో, కొండముచ్చు ఎందుకు అరిచిందో, కణితి (సాంబరు దుప్పి) ఎందుకు అరిచిందో తెలిసినవాళ్ళు. అక్కడికి వెళ్ళే మనలో చాలామందికి తెలిసింది ఫర్హాబాద్ గేటు, జీపు, గంటా రెండు గంటల చక్కర్. అభయారణ్యం బయటి అంచుల్లో, నాలుగైదు దారుల్లోనే, రోజుకి ఒకటో రెండో చిన్న గుంపుల్ని చెంచు గైడ్లతో నడిపించాలని నా వాదన. ఇది మన దేశంలో లేనిదేం కాదు. కేరళ పెరియార్‌లో ఒకప్పుడు దొంగతనంగా వేటాడినవాళ్ళు, అడవి దాల్చినచెక్క ఒలిచినవాళ్ళు ఇప్పుడు గైడ్లై సందర్శకుల్ని కాలినడకన తిప్పుతున్నారు, వెంట తుపాకీతో గార్డు ఉంటాడు. మధ్యప్రదేశ్ సాత్పురాలోనూ నడవనిస్తారు.

అటవీశాఖలో పనిచేసి రిటైరైన మా బాబాయి దీనికి ఒప్పుకోడు. "అమ్మా, నీలాంటివాళ్ళు ఐదుగురు వస్తే సరే. శనివారం వచ్చిందంటే సిటీ నుంచి ఐదొందల కార్లు వస్తాయి, బ్లూటూత్ స్పీకర్లు, బీరు సీసాలు. వాళ్ళని నువ్వు ఆపుతావా?" అంటాడు. ఇంకోటి కూడా అన్నాడు, అది ఇంకా బరువైన మాట. ఎలుగుబంటి లువాంగ్వా ఏనుగులా ముందే వాసన పట్టి, చెవులు విదిల్చి హెచ్చరించదు. దాని చూపు సరిగా ఆనదు, తిండి ధ్యాసలో ఉంటుంది, మనిషి హఠాత్తుగా ఎదురైతే నేరుగా మొహం మీదికే వస్తుంది. ఆ దెబ్బ తిన్నవాళ్ళని ఆయన ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. నాకు ఆ అనుభవం లేదు, అందుకని ఆయన మాట తీసిపారేయలేను.

అయినా నా వాదన వదులుకోను. శనివారం గుంపుల భయం ఉందంటే అనుమతులు తక్కువ ఇవ్వాలి, ముందే బుక్ చేసుకున్నవాళ్ళని తప్ప ఎవర్నీ దించకూడదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డే మూసేసి అమలు చేస్తున్న శాఖకి నాలుగు కాలిబాటలు కాపలా కాయడం అసాధ్యం కాదు. ఎలుగుబంటి ఎక్కడ ఎప్పుడు ఉంటుందో చెప్పగలిగే మనుషులు మన దేశంలో ఎవరైనా ఉన్నారంటే రోజూ ఆ అడవిలోనే తేనెకి వెళ్ళొచ్చే చెంచులే. పెంటల్ని అడవి బయటికి తరలించాలన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. వాళ్ళ పిల్లలు రోడ్డు పక్కకి వచ్చేశాక ఈ చదువు ఎవరి దగ్గర నేర్చుకుంటాం? బాబాయి దీనికి జవాబు చెప్పలేదు, ఆయన ఎలుగుబంటి భయానికి నేనూ పూర్తి జవాబు చెప్పలేదు. మేమిద్దరం ఇంకా ఆ మాట మీదే ఉన్నాం.

పోయిన జనవరిలో ఫర్హాబాద్ జీపు ఎక్కాను. వెనక సీట్లో ఒక చెంచు పెద్దాయన కూర్చున్నాడు, యాభై దాటి ఉంటాయి. దారి పక్కన ఒక పుట్ట ఒకవైపంతా తవ్వేసి, ఎర్రమట్టి చెల్లాచెదురుగా పడి ఉంది. నేను చేయి చూపిస్తే ఆయన ముందుకి వంగాడు.

"ఎలుగు తవ్వింది అమ్మా. రాత్రి కాదు, తెల్లారినంకనే. మన్ను ఇంకా ఆరలే చూడు."

ఎలా తింటుందని అడిగాను. "ముందు ఊదుతది. మన్ను పోయినంక చెదల్ని పీలుస్తది. ఆ చప్పుడు శాన దూరం వినొస్తది" అని, పెదవులు సున్నాలా చుట్టి ఆ చప్పుడు చేసి వినిపించాడు. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి, పులి ఉండే చోటికి ఇంకా ఎంతసేపు అని అడిగాడు. డ్రైవరు గేరు మార్చాడు. జీపు కదిలింది. పెద్దాయన మెడ వెనక్కి తిప్పి, మలుపు తిరిగేదాకా ఆ పుట్ట వైపే చూస్తున్నాడు.